నీటి నివేదిక చాలదు: హిమాయత్ సాగర్ అడుగు మట్టిని పరీక్షించాలి

వానాకాలంలో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, శంషాబాదు వైపు నుంచీ రాజేంద్రనగర్ వైపు నుంచీ జనం చూడడానికి బయలుదేరుతారు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని దూకే నీటిని చూపిస్తారు. నీరు ఎన్ని అడుగులకు చేరింది, ఎన్ని గేట్లు ఎత్తారు, మూసీలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్న లెక్కలు సాయంత్రానికల్లా అందరి నోటా వినిపిస్తాయి. నీటి పైమట్టం గురించి ఇంత పట్టింపు ఉన్న మనకు, ఆ నీటి అడుగున తొంభై ఏళ్ళకు పైగా పేరుకుంటూ వచ్చిన మట్టిలో ఏమున్నదన్న ప్రశ్న మాత్రం తట్టదు. అధికారులకూ తట్టదు, తట్టినా దాన్ని అడగవలసిన అవసరం వారికి కనిపించదు. ఆ అవసరం ఎంతటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

పదవీ విరమణ చేసిన వైద్యుడికి చెరువు మట్టితో పనేమిటని మిత్రులు అడగవచ్చు. ఒక రోగిని తలచుకొని జవాబు చెబుతాను. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చిన్న కొలిమిలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ పని మానేసిన తరువాత నా వద్దకు వచ్చిన మనిషి ఆయన. కడుపు నొప్పి, రక్తహీనత, చేతుల నిస్సత్తువ. రక్తంలో సీసం చూస్తే, అంతటి బాధకు కారణమని చెప్పగలిగినంత లేదు. ‘రిపోర్టు బాగానే ఉంది కదా డాక్టరుగారూ, మరి ఈ నొప్పులేమిటి?’ అని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం రక్తంలో లేదు, ఎముకలలో ఉంది.

శరీరంలో ప్రవేశించిన సీసం రక్తంలో ఎక్కువ కాలం ఉండదు. సుమారు నెల రోజులలో సగానికి తగ్గిపోతుంది. అలా తగ్గినదంతా బయటికి పోయిందనుకుంటే పొరపాటు. కొంత మూత్రంలో పోతుంది, మిగిలినది ఎముకలలో చేరుతుంది. పెద్దవారి శరీరంలో ఉన్న సీసంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఎముకలలోనే ఉంటుంది, అక్కడ ఇరవై, ముప్పై ఏళ్ళ పాటు నిలిచిపోతుంది. గర్భం దాల్చినప్పుడు, ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు, వృద్ధాప్యంలో ఎముకలు గుల్లబారినప్పుడు సున్నంతో పాటు ఆ సీసం కూడా కదిలి మళ్ళీ రక్తంలోకి వస్తుంది. తల్లి బాల్యంలో మింగిన సీసం ఆమె కడుపులోని బిడ్డకు చేరుతుంది. కనుక రక్తపరీక్ష నిన్నమొన్నటి సంగతి మాత్రమే చెబుతుంది. జీవితకాలపు సంగతి ఎముక చెబుతుంది.

జలాశయానికి నీరు రక్తం వంటిది, అడుగు మట్టి ఎముక వంటిది. ఈ పోలిక వైద్యుడి సరదా కాదు. రెండు చోట్లా జరిగే పని ఒకటే.

మట్టిలో ఏం జరుగుతుంది

సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం వంటి భార లోహాలూ, వాటి వరుసలోనే చెప్పుకొనే ఆర్సెనిక్కూ వాగుల ద్వారా జలాశయంలోకి వచ్చినప్పుడు నీటిలో కరిగి ఉండేది కొద్ది భాగమే. ఎక్కువ భాగం సన్నని బంకమట్టి రేణువులనూ, ఇనుము, మాంగనీసు ఆక్సైడులనూ, కుళ్ళిన ఆకు అలములనూ పట్టుకొని అడుగుకు దిగిపోతుంది. అప్పుడు పైనుంచి సీసాలో పట్టిన నీరు పరీక్షలో నెగ్గుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ విధించిన హద్దు లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003 మిల్లీగ్రాము, నికెల్ 0.02 మిల్లీగ్రాము. నీరు ఈ హద్దులకు లోబడే ఉండవచ్చు. అయితే లోహం నశించదు. మురుగు కుళ్ళి కొంతకాలానికి విరిగిపోతుంది. లోహం విరగదు, ఆవిరి కాదు. చేరిన చోట ఉంటుంది, ఏటేటా పొర మీద పొరగా పేరుకుంటుంది.

పేరుకున్నది అక్కడే నిద్రపోతుందన్న భరోసా కూడా లేదు. వేసవిలో నీరు తగ్గి అడుగున ప్రాణవాయువు కరవైనప్పుడు, ఇనుము, మాంగనీసు ఆక్సైడులు కరిగి, తాము పట్టుకొని ఉన్న ఆర్సెనిక్కునూ కొన్ని లోహాలనూ నీటిలోకి విడిచిపెడతాయి. ఈ ప్రాణవాయువును హరించేది ముఖ్యంగా ఇళ్ళ మురుగు. ప్రాణవాయువు లేని అదే బురదలో కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చిన్న పురుగులోకి, దానిని తిన్న చిన్న చేపలోకి, ఆ చేపను తిన్న పెద్ద చేపలోకి, చివరకు మన పళ్ళెంలోకి అంతకంతకూ చిక్కబడుతూ వస్తుంది. ఫ్యాక్టరీ తెచ్చి పోసిన విషాన్ని కాలనీ మురుగు తట్టి లేపుతుందన్నమాట. ‘మేం కట్టేవి ఇళ్ళే కదా, ఫ్యాక్టరీలు కావు కదా’ అనే వారు ఈ సంగతిని గమనించాలి.

శంషాబాదుకు ఇది కొత్త వాదన కాదు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా మేరకు, మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోనూ కట్టారు. వరదను ఆపడం, నగరానికి తాగునీరివ్వడం వాటి ఉద్దేశం. ఈ రెండింటి రక్షణ కోసం 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్య కారక పరిశ్రమలనూ పెద్ద హోటళ్ళనూ నివాస కాలనీలనూ అది నిషేధించింది. శంషాబాదు మండలంలోని పలు గ్రామాలు ఆ పరిధిలోవే.

ఆ జీవోకు తొలి పెద్ద పరీక్ష కూడా శంషాబాదు మండలంలోనే ఎదురైంది. పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయనాలు తయారుచేసే కర్మాగారం ఒకటి అనుమతి కోరింది. దాని వ్యర్థాల జాబితాలో వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం ఉంది. కాలుష్య నియంత్రణ మండలి వద్దన్నది. ప్రభుత్వం మాత్రం ఆ ఒక్క కర్మాగారానికి నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1999 జనవరి 27న, మళ్ళీ 2000 డిసెంబరు 1న వెలువడిన తీర్పులు మన దేశపు పర్యావరణ న్యాయంలో మైలురాళ్ళయ్యాయి. వాటిని రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు. హాని జరిగిందని బాధితులు నిరూపించే దాకా ఆగనక్కరలేదనీ, హాని జరగదని నిరూపించవలసిన భారం పరిస్థితిని మార్చదలచిన వారిదేననీ ఆ తీర్పులు చెప్పాయి. లక్షల మంది తాగే నీటి విషయంలో ఒక సంస్థకు మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదన్నాయి. ఒక కర్మాగారపు నికెల్ వ్యర్థం గురించి దేశపు అత్యున్నత న్యాయస్థానం అంతగా తర్కించిన నేల మీద, ఈనాడు ఒక్క బురద నమూనా ఊసు కూడా లేకుండా 84 గ్రామాల భవిష్యత్తును చర్చిస్తున్నాం.

2008లో శంషాబాదు విమానాశ్రయం మొదలయ్యాక ఈ ప్రాంతపు రూపమే మారిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, గోదాములు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి, ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ద్వారా నాటి ప్రభుత్వం 111 ఆంక్షలను కొన్ని షరతులతో ఎత్తివేసింది. 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దుకు తీర్మానించింది. ఈ చర్చ అంతటా వినిపించిన వాదనలు నాలుగు. వాటికి వరుసగా జవాబు చెబుతాను.

నాలుగు వాదనలు, నాలుగు జవాబులు

మొదటిది: ‘జలాశయాల నీటి నాణ్యతను కాపాడుతూనే అభివృద్ధి చేస్తాం.’ నీటి నాణ్యత ఒక్కటే కొలమానమైతే ఈ హామీ నిలబెట్టుకోవడం చాలా సులభం. లోహాలను మట్టి మింగినంత కాలం నీరు బాగానే కనబడుతుంది. నా రోగి రక్తపరీక్ష లాగే.

రెండవది: ‘నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీర నీళ్ళు తాగుతోంది, ఈ రెండు జలాశయాల మీద ఆధారపడడం లేదు.’ నగరం తాగకపోతే ఎవరూ తాగనట్టేనా? ఈ చెరువులలో చేపలు పట్టేవారు ఉన్నారు, వాటిని కొని వండుకునే వారు ఉన్నారు. చుట్టుపక్కల బోర్లలోకి ఊరే నీరు ఈ జలాశయాలదే. గేట్లు ఎత్తితే ఈ నీరూ, దానితో కదిలిన సన్నని ఒండ్రూ బాపూఘాట్ వద్ద కలిసి, మూసీగా నల్లగొండ పొలాలను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో చేరుతాయి. ఆ దిగువన పులిచింతల ఉంది, విజయవాడ తాగే ప్రకాశం బ్యారేజీ ఉంది, కృష్ణా డెల్టా ఉంది, హంసలదీవి దగ్గర సముద్రం ఉంది. మనం తాగడం మానేసిన నీరు మరొకరి గ్లాసులోకి వెళుతుంది. పైగా మల్లన్నసాగర్ నుంచి గోదావరి జలాలను తెచ్చి ఈ రెండు జలాశయాలను నింపే పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ఒక చేత్తో ఈ చెరువులు అక్కరలేదంటూ మరో చేత్తో వాటిలోకి వేల కోట్ల పథకపు నీటిని పోయడం పొసగదు. నీళ్ళు పోసే ముందు ఇంట్లో కుండ అడుగు తోమమా?

మూడవది: ‘మురుగు శుద్ధి కేంద్రాలు కడతాం.’ కట్టాలి, తప్పదు. అయితే ఆ కేంద్రాలు ప్రధానంగా కుళ్ళే పదార్థాన్ని తొలగించడానికి కట్టేవి. వాటిలో తొలగిన లోహం మాయమైపోదు, అక్కడి బురదలో చేరుతుంది. ఆ బురదను ఎక్కడ పోస్తారన్నది మళ్ళీ అదే ప్రశ్న. అంతకంటే ముఖ్యం, వాన నీటి కాలువ శుద్ధి కేంద్రం గుండా పోదు. టైర్ల అరుగుదలలో జింకు ఉంటుంది, బ్రేకుల పొడిలో రాగి ఉంటుంది, పాత రంగుల పెచ్చులలో సీసం ఉంటుంది. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయినా, అంతకు ముందు దశాబ్దాల పాటు రోడ్ల అంచుల మట్టిలో దిగిన సీసం ఇంకా అక్కడే ఉంటుంది. తొలకరి వానకు ఇదంతా కడుక్కొని వాగులోకి, వాగు నుంచి జలాశయంలోకి పోతుంది.

నాలుగవది: ‘మీరు అభివృద్ధికి అడ్డుపడుతున్నారు.’ నేనూ శంషాబాదులోనే విమానం ఎక్కుతాను. అక్కడి రైతు తన భూమికి న్యాయమైన ధర కోరడం తప్పని నేను అనను. ఇరవై ఆరేళ్ళు ఆంక్షలు మోసిన గ్రామాలకు ప్రభుత్వాలు పరిహారం గురించి ఆలోచించకపోవడం అన్యాయమే. అయితే రోగికి ఆపరేషను చేసే ముందు పరీక్షలు చేయించమనే వైద్యుడిని ఆపరేషనుకు శత్రువు అనరు కదా.

మన చుట్టూ ఉన్న ఉదాహరణలు

ఈ భయం ఊహ మీద కట్టినది కాదు. శంషాబాదుకు వెళ్ళే దారిలోనే కాటేదాన్ ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2002, 2003 సంవత్సరాలలో వానలకు ముందూ తరువాతా అక్కడి మట్టిని పరీక్షించారు. సుమారు మూడు వందల పరిశ్రమలున్న ఆ వాడలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం అధికంగా ఉన్నట్టు తేల్చారు. ఆర్సెనిక్, కాడ్మియం, సీసం మిగతావాటి కంటే కదిలే గుణం గలవనీ, భూగర్భజలాన్ని చేరే అవకాశం ఉందనీ హెచ్చరించారు. అదే అధ్యయనం మరొక మంచి మాట చెప్పింది. మన రాతి నేలలో ఆర్సెనిక్, క్రోమియం సహజంగానే కొంత ఉంటాయి కనుక, సహజమైనది ఎంతో మనిషి కలిపినది ఎంతో వేరు చేసి చూడాలని. పరీక్ష అంటే గగ్గోలు పెట్టడం కాదు. ఏది పాతదో ఏది కొత్తదో విడదీసి చెప్పడం.

నగరానికి మరోవైపు పటాన్‌చెరు ఉంది. నక్కవాగు వెంట ఉన్న పల్లెలు పాడైన బావులతో, ఎండిన పొలాలతో 1990లో సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కాయి. ఆ పోరాటానికి ముందు నిలిచినవారిలో అక్కడే వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఒకరు. రోగుల నాడి చూస్తూనే ఊరి నీటి నాడి కూడా చూసిన వైద్యుడు ఆయన. దశాబ్దాలు గడిచినా ఆ వాగు మునుపటిలా కాలేదు. కాలుష్యాన్ని ఆపడానికి ఒక ఆదేశం చాలు, దాన్ని వెనక్కి తీయడానికి ఒక తరం కూడా చాలదు.

జపానులోని మినమాటా చరిత్ర ఇంకా స్పష్టంగా ఈ పాఠం చెబుతుంది. అక్కడి రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 వరకు సముద్రపు ఖాతంలోకి పాదరసం వదిలింది. చేపలు తిన్నవారికి వచ్చిన నరాల వ్యాధిని 1956లో గుర్తించారు. 1968లో పాదరసం ఆగింది; అడుగు బురద మిగిలింది. దానిని తవ్వి తీసి పూడ్చే పని 1977లో మొదలై 1990 దాకా సాగింది. అలా తీసిన బురద సుమారు పదిహేను లక్షల ఘనపు మీటర్లు. అక్కడి చేపలు తినదగినవని ప్రకటించడానికి 1997 రావలసి వచ్చింది. గొట్టం మూసిన తరువాత ఇరవై తొమ్మిదేళ్ళు.

పూడిక మట్టి సంగతి

చెరువు మట్టి మన రైతుకు బంగారం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలుకున్న రైతులు ఎందరో. పల్లె చెరువుల విషయంలో అది మంచి పని, తరతరాల వివేకం. అయితే నగరం చేరువలో, రహదారుల, పరిశ్రమల నీరు దిగే చెరువుల పూడికను పరీక్షించకుండా పొలాలకూ, ఇటుక బట్టీలకూ, పిల్లలు ఆడే పార్కులకూ తోలడం వేరు. కాడ్మియం వరి గింజలోకి ఎక్కుతుంది. జపానులో జింజు నది నీటితో పండిన బియ్యం తిన్న స్త్రీల ఎముకలు పెళుసుబారి, మూత్రపిండాలు చెడి, ‘అయ్యో అయ్యో’ అని మూలిగేవారట. ఆ జబ్బుకు పేరే ‘ఇతాయ్ ఇతాయ్’. ‘నొప్పి, నొప్పి’ అని దాని అర్థం. ఆ కాడ్మియం ఎగువన ఉన్న గనుల నుంచి నదిలోకి, నది నుంచి మడి మట్టిలోకి వచ్చినదే.

ఏం చేయాలి

నేను హిమాయత్ సాగర్ అడుగున విషం ఉన్నదని తీర్పు చెప్పడం లేదు. తీర్పుకు ముందు సాక్ష్యాన్ని తవ్వి తీయమంటున్నాను. దానికి కావలసినవి ఆకాశం నుంచి దిగి రానక్కరలేదు. ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రెండు జలాశయాలలోనూ, వాగులు కలిసే ముఖద్వారాలలోనూ పొడవైన గొట్టాలు దించి పొరలు చెదరకుండా మట్టి తీయాలి. పొరల వయస్సు లెక్కగట్టే పద్ధతులు శాస్త్రజ్ఞులకు తెలుసు. ఏ పొరలో ఏ లోహం ఎంత ఉందో, విమానాశ్రయానికి ముందు ఎంత, తరువాత ఎంతో అప్పుడు తెలుస్తుంది. చేపల కండలో పాదరసం, కాడ్మియం, సీసం చూడాలి. ఆ ఫలితాలను తెలుగులో, అందరికీ అందేలా ప్రకటించాలి. పరీక్షించనిదే పూడిక తీయరాదు. వాన నీటి కాలువలు జలాశయంలో కలిసే చోట ఒండ్రు నిలిచే మడుగులు కట్టి, వాటిని ఏటా శుభ్రం చేయాలి.

కొలిచినదాన్ని దేనితో పోల్చాలన్నది అడ్డంకి కాదు. మన తాగునీటి ప్రమాణం నీటి గురించే మాట్లాడుతుంది, నిజమే. మంచినీటి చెరువుల అడుగు మట్టికి కెనడా పెట్టుకున్న హద్దులు ఉన్నాయి. కిలో మట్టిలో సీసం 35 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలనీ, 91.3 దాటితే జలచరాలకు హాని తరచుగా కలగగలదనీ అవి చెబుతాయి. మన నేల స్వభావానికి తగిన హద్దులు మనం నిర్ణయించుకునే దాకా వాటితో పోల్చుకోవచ్చు. కాటేదాన్ మట్టిని కెనడా ప్రమాణాలతో పోల్చి చూసినవారు మన శాస్త్రజ్ఞులే.

ఇది పూర్తయ్యే వరకు పరీవాహక ప్రాంతంలో ఆంక్షల సడలింపు అన్న మాట ఎత్తకూడదు. ఇది నా మొండితనం కాదు, పెద్దషాపూర్ వివాదంలో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం: మార్పు కోరేవారే హాని లేదని చూపాలి.

పాఠకులకు వైద్యుడిగా రెండు మాటలు. నీటిని మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని లోహాలు పోవు. నీరు ఆవిరై అవి మరింత చిక్కబడతాయి. ఇనుము, కాల్షియం తగినంత అందే పిల్లల ఒంటికి సీసం తక్కువగా పడుతుంది. రాగులు, ఆకుకూరలు, పాలు, గుడ్లు అందుకే మేలు. అంతే తప్ప, ఒంట్లోని లోహాలను కడిగేస్తామంటూ ప్రకటనల్లో అమ్మే పొడులను నమ్మకండి. పిల్లల ఒంట్లో సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంటిలో మనం చేయగలిగినది కొంతే. మిగిలినది ప్రభుత్వం చేత చేయించవలసినదే.

2027లో హిమాయత్ సాగర్‌కు నూరేళ్ళు నిండుతాయి. కట్ట మీద దీపాలు పెడతారు, ఉపన్యాసాలు ఇస్తారు, నీటిలో పడవలు తిప్పుతారు. ఆ ఉత్సవానికి ముందే ఒక పడవ వెళ్ళి, నూరేళ్ళ మట్టిని పైకి తీసి, అందులో ఏమున్నదో మనకు చదివి వినిపించాలి. మీ శాసనసభ్యుడిని, మీ జలమండలిని, ఓటడగడానికి వచ్చిన ప్రతి నాయకుడిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: ‘నీటి నివేదిక చూశాం, మట్టి నివేదిక ఏదీ?’